పోకేమాన్ ఆటల్లో పోరాట విలువ అంచనా

పోకేమాన్ వీడియో గేముల్లో ఒక జీవి పోరులో ఎంతమేరకు అక్కరకొస్తుందో ముందుగా తేల్చుకోవడమే పోరాట విలువ అంచనా. జీవికి పుట్టుకతో వచ్చిన అంకెలు, అగ్ని, నీరు వంటి టైపు, పోరులో వాడేందుకు నేర్చుకోగల మూవ్‌లు, ఎబిలిటీ అనే ప్రత్యేక గుణం, చేతికిచ్చే వస్తువు ఇందులో మొదట లెక్కలోకి వస్తాయి. ఆపైన ఆడుతున్న పోటీ నియమాలను, ఎదుటివారు తరచుగా తెచ్చే జట్లను చూస్తారు. 1996 ఫిబ్రవరి 27న జపాన్‌లో గేమ్ బాయ్ కోసం విడుదలైన రెడ్, గ్రీన్ ఆటల్లో 151 జీవులు ఉండేవి. 2022 నవంబరులో వచ్చిన స్కార్లెట్, వయొలెట్ ఆటలు, వాటి అనుబంధ భాగాలు పూర్తయ్యేసరికి మొత్తం 1025 అయ్యాయి. జట్టులో చోటు మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఆరింటికే. ఆ ఆరింటి ఎంపిక కోసమే ఈ లెక్కలన్నీ పుట్టాయి. అంకెలు మారకపోయినా పోరాట విలువ మారిపోవచ్చన్నది ఈ ఆటల చరిత్ర పొడుగునా కనిపించే సంగతి.

పోరు సాగే తీరు

సతోషి తాజిరి స్థాపించిన గేమ్ ఫ్రీక్ సంస్థ ఈ ఆటలను రూపొందిస్తే, నింటెండో వాటిని ప్రపంచానికి అందించింది. పోరు వంతులవారీగా జరుగుతుంది. ప్రతి వంతులో ఇరుపక్షాలూ ఏం చేయాలో ఒకరికొకరు తెలియకుండా నిర్ణయించుకుంటాయి. ఆ తర్వాత స్పీడ్ ఎక్కువ ఉన్నది ముందు కదులుతుంది. ఒక జీవి దగ్గర ఒకేసారి నాలుగు మూవ్‌లే ఉంటాయి. దాడి చేయడం ఇష్టం లేకపోతే ఆ వంతు ఖర్చుపెట్టి, బయట ఉన్నదాన్ని వెనక్కి పిలిచి జట్టులోంచి మరొకదాన్ని దించవచ్చు. ఇలా మార్చుకునే వీలు ఉండటం వల్ల ముఖాముఖిలో ఎవరు ఎవరిని పడగొడతారన్న ఒక్క ప్రశ్నతో అంచనా ముగియదు. ఎదుటి ఆటగాడిని మార్పిడికి బలవంతపెట్టగలదా, ఇష్టం లేని దెబ్బకు ఎదురుగా దిగి నిలవగలదా అన్నవి కూడా చూడాల్సి వస్తుంది.

తరం మారినప్పుడల్లా మారిన కొలబద్ద

పోకేమాన్ ఆటలను తరాలుగా లెక్కిస్తారు. తొలి తరంలో 15 టైపులు ఉండేవి. స్పెషల్ అనే ఒకే అంకె దాడికీ రక్షణకీ పనిచేసేది. సైకిక్ టైపు మీద ఘోస్ట్ దాడులు బాగా పనిచేయాలన్నది ఉద్దేశం కాగా, ప్రోగ్రామ్‌లో దొర్లిన తప్పు వల్ల అవి అసలు తగలకుండా పోయాయి. బగ్ టైపులో గట్టి మూవ్‌లు లేవు. దాంతో ఆలకజామ్, మ్యూటూ వంటి సైకిక్ జీవులకు అడ్డు లేకపోయింది. 1999లో గోల్డ్, సిల్వర్ ఆటలు డార్క్, స్టీల్ టైపులను తెచ్చి, స్పెషల్‌ను దాడి, రక్షణ అని రెండుగా విడగొట్టాయి. జీవి చేతికి వస్తువు ఇవ్వడం కూడా అప్పుడే మొదలైంది. 2002లో రూబీ, సఫైర్ ఆటలతో ఎబిలిటీలు, నేచర్‌లు, ఒక్కో పక్షం నుంచి రెండేసి జీవులు దిగే డబుల్ బ్యాటిళ్లు వచ్చాయి.

అన్నిటికన్నా పెద్ద కుదుపు 2006లో డైమండ్, పెర్ల్ ఆటలతో వచ్చింది. అంతకుముందు దాడి ఫిజికలా, స్పెషలా అన్నది మూవ్ టైపును బట్టి ఉండేది. ఐస్, డార్క్ టైపు మూవ్‌లన్నీ స్పెషల్ కిందికే వచ్చేవి. స్నీజల్ అనే జీవి ఆ రెండు టైపులకూ చెందినది. దాని అటాక్ 95, స్పెషల్ అటాక్ 35. సొంత టైపు మూవ్ ఏది వాడినా ఆ 35 మీదే ఆధారపడాల్సి రావడంతో 95 వృథాగా పడి ఉండేది. 2006 నుంచి ఏ మూవ్‌కు ఆ మూవ్‌కే వర్గం ఇచ్చారు. స్నీజల్ అంకె ఒక్కటి కూడా మారకుండానే దాని దాడికి బలం వచ్చింది. నీటి దాడులు స్పెషల్‌గా ఉన్నన్నాళ్లూ 125 అటాక్‌ను, సొంత నీటి మూవ్‌లను కలిపి వాడలేకపోయిన గ్యారడోస్‌కూ ఆ మార్పుతోనే దశ తిరిగింది.

2013లో ఆరో తరపు ఎక్స్, వై ఆటల్లో ఫెయిరీ టైపు చేరి మొత్తం 18 అయ్యాయి. అప్పటిదాకా ఏ బలహీనతా లేని సేబిలై, స్పిరిటూంబ్‌లకు తొలిసారి ఒకటి వచ్చింది. డ్రాగన్ టైపు పెత్తనం తగ్గింది. ఆపైన మెగా ఎవల్యూషన్, జెడ్ మూవ్‌లు, డైనమాక్స్, టెరా అంటూ తరానికో కొత్త హంగు తోడైంది.

బేస్ స్టాట్స్

ప్రతి జాతికీ ఆరు బేస్ అంకెలు ఉంటాయి: హెచ్‌పీ (ప్రాణబలం), అటాక్, డిఫెన్స్, స్పెషల్ అటాక్, స్పెషల్ డిఫెన్స్, స్పీడ్. కొత్తగా చూసేవారు ఆరింటి మొత్తాన్నే ముందు అడుగుతారు. మొత్తం 600 ఉంటే గట్టిదనీ, 400 ఉంటే బలహీనమనీ అనుకోవడం సహజం. ఈ లెక్క పైపైన సరిపోతుంది కానీ లోతుకు వెళ్తే తప్పుతుంది. ఫ్లేరియాన్ మొత్తం 525, అటాక్ 130. స్పీడ్ మాత్రం 65. దెబ్బ వేసేలోపే దెబ్బ తినాల్సిన పరిస్థితి. పైగా అగ్ని టైపులో గట్టి ఫిజికల్ మూవ్ లేక అది చాలాకాలం ఇబ్బందిపడింది. షకుల్‌కు డిఫెన్స్, స్పెషల్ డిఫెన్స్ రెండూ 230. హెచ్‌పీ 20 కావడంతో ఆ గోడకు పునాది తక్కువ. అంకె ఎంత ఉందన్నదానికన్నా ఎక్కడ ఉందన్నదే ముఖ్యం. స్పెషల్ దాడులే చేసే జీవికి అటాక్‌లో పోసిన పాయింట్లు దండగే.

జాతి అంకెల పైన ఒక్కో జీవికి సొంత తేడాలు ఉంటాయి. ఐవీ అనే పుట్టు విలువ ఒక్కో స్టాట్‌కు 0 నుంచి 31 వరకు ఉంటుంది. పోరాడేకొద్దీ చేరే ఈవీలు ఒక్కో స్టాట్‌కు 252, అన్నీ కలిపి 510 మించకూడదు. 25 నేచర్‌లలో 20 మాత్రం ఒక స్టాట్‌ను 10 శాతం పెంచి మరొకదాన్ని 10 శాతం తగ్గిస్తాయి. మిగతా అయిదింటితో ఏ మార్పూ ఉండదు. ఐవీ 31 ఉంటేనే మేలన్నది కూడా ఎల్లవేళలా నిజం కాదు. ఫౌల్ ప్లే అనే మూవ్ ఎదుటి జీవి అటాక్‌నే దాని మీద ప్రయోగిస్తుంది. అందుకే స్పెషల్ దాడులు చేసేదానికి అటాక్ ఐవీ 0 ఉండేలా చూసుకుంటారు. ఏడో తరంలో హైపర్ ట్రెయినింగ్, ఎనిమిదో తరంలో మింట్‌లు వచ్చాక పుట్టు లోపాలను సరిదిద్దుకోవడం తేలికైంది. కాబట్టి పోటీల్లో విలువ కట్టేటప్పుడు జీవి బాగా పెరిగిందన్న ఊహతోనే మొదలుపెడతారు.

స్పీడ్ లెక్క

ఆరింటిలో స్పీడ్‌ది వింత స్వభావం. అటాక్ ఒక పాయింటు తగ్గితే దెబ్బ కాస్త తగ్గుతుంది. స్పీడ్ ఒక పాయింటు తగ్గితే వంతే పోవచ్చు. గార్‌చాంప్ బేస్ స్పీడ్ 102. ఇదొక విడ్డూరమైన అంకెలా కనిపిస్తుంది కానీ, శాలమెన్స్, చారిజార్డ్ సహా ఎన్నో జీవులు సరిగ్గా 100 దగ్గర ఆగుతాయి. 50వ లెవెల్‌లో పూర్తి ఈవీలు, స్పీడ్ పెంచే జాలీ నేచర్ ఇస్తే గార్‌చాంప్ స్పీడ్ 169 అవుతుంది. 100 బేస్ ఉన్నవి అలాగే పెంచినా 167 దాటవు. ఆ రెండు పాయింట్లతో గార్‌చాంప్ ముందు కదులుతుంది.

అదే గార్‌చాంప్‌కు అటాక్ పెంచే అడమెంట్ నేచర్ ఇస్తే దాడి 182 నుంచి 200కు పెరుగుతుంది, స్పీడ్ 154కు దిగుతుంది. అప్పుడు 90 బేస్ ఉన్న లుకారియో కూడా పూర్తిగా పెంచితే 156తో దాన్ని దాటేస్తుంది. నేచర్ ఎంపిక అంటే ఎవరిని దాటాలి, ఎవరికి దారివ్వాలి అన్న నిర్ణయమే. అందుకే పోటీ ఆటగాళ్లు అందరి స్పీడ్‌లనూ వరుసగా పేర్చిన పట్టికను దగ్గర పెట్టుకుంటారు.

ఈ వరుస కూడా స్థిరం కాదు. టెయిల్‌విండ్ తమ పక్షం స్పీడ్‌ను రెట్టింపు చేస్తుంది. ట్రిక్ రూమ్ వేస్తే అయిదు వంతుల పాటు నెమ్మదైనవే ముందు కదులుతాయి. టోర్కోల్ బేస్ స్పీడ్ 20. మామూలుగా అది అందరికన్నా వెనక. ట్రిక్ రూమ్‌లో ఆ 20 వరమవుతుంది. దాని ఇరప్షన్ మూవ్ హెచ్‌పీ నిండుగా ఉంటే 150 బలంతో ఇద్దరు ప్రత్యర్థులకూ తగులుతుంది, డ్రౌట్ ఎబిలిటీ తెచ్చే ఎండ దానికి మరో సగం బలం కలుపుతుంది. ముందుగా కదిలి హెచ్‌పీ తరగకుండా ఇది పేలగలిగేది నెమ్మది వల్లే.

టైపు

దాడి టైపుకు ఎదుటి టైపు లొంగేదైతే దెబ్బ రెట్టింపు, తట్టుకునేదైతే సగం, కొన్ని జంటల్లో సున్నా. రెండు టైపులు ఉన్న జీవికి ఇవి ఒకదాన్నొకటి గుణించుకుంటాయి. డ్రాగన్, గ్రౌండ్ కలిసిన గార్‌చాంప్‌కు ఐస్ దెబ్బ నాలుగు రెట్లు. బగ్, స్టీల్ కలిసిన సైజర్‌కు అగ్ని ఒక్కటే బలహీనత, అదీ నాలుగు రెట్లు. సొంత టైపు మూవ్ వాడితే దెబ్బ ఒకటిన్నర రెట్లవుతుంది.

బలహీనతలను లెక్కపెట్టి తక్కువ ఉన్నదే మేలనడం సరిపోదు. ఆ బలహీనతను కొట్టే మూవ్‌లు ఆ కాలంలో ఎన్ని జట్ల దగ్గర ఉన్నాయన్నది అసలు ప్రశ్న. నాలుగో తరంలో వచ్చిన స్టెల్త్ రాక్ దీనికి ఉదాహరణ. ఒకసారి పరిస్తే, ఆ తర్వాత లోపలికి దిగే ప్రతి ప్రత్యర్థికీ రాయి టైపు లెక్కన దెబ్బ తగులుతుంది. మామూలుగా అది హెచ్‌పీలో ఎనిమిదో వంతు. రాయి నాలుగు రెట్లు తగిలే చారిజార్డ్, వాల్కరోనా దిగిన ప్రతిసారీ సగం హెచ్‌పీ పోగొట్టుకుంటాయి. ఒక్క మూవ్ రాకతో ఒక జాతి అంచనాయే తిరగబడింది. ఎనిమిదో తరంలో ఇలాంటి ఉచ్చుల దెబ్బ తగలకుండా కాపాడే హెవీ డ్యూటీ బూట్స్ వచ్చాక వాటి పరిస్థితి మెరుగుపడింది.

తొమ్మిదో తరపు టెరా ఈ లెక్కను మరింత చిక్కుపరిచింది. పోరులో ఒకసారి ఒక జీవి తన టైపునే మార్చుకోవచ్చు. డ్రాగొనైట్ నార్మల్ టైపుగా మారి, వేగంతో పనిలేకుండా ముందుగా తగిలే ఎక్స్‌ట్రీమ్ స్పీడ్‌ను ఒకటిన్నర రెట్ల బలంతో కొట్టడం ఈ తరంలో బాగా వాడుకలోకి వచ్చింది. ఆ మార్పుతో దాని నాలుగు రెట్ల ఐస్ బలహీనత కూడా పోతుంది.

మూవ్‌లు, ఎబిలిటీ

మూవ్ బలంతో పాటు గురి కూడా చూడాలి. ఫైర్ బ్లాస్ట్ బలం 110, గురి 85 శాతం. ఫ్లేమ్‌థ్రోవర్ బలం 90, తప్పదు. సగటు తీస్తే మొదటిది 93.5 దగ్గర నిలుస్తుంది, అంటే తేడా స్వల్పం. ఒక్క దెబ్బతో పడగొట్టాల్సిన చోట మొదటిది, గురి తప్పితే ఆటే పోయే చోట రెండోది ఎంచుకుంటారు. 70 శాతం గురి ఉన్న ఫోకస్ బ్లాస్ట్ వరుసగా రెండుసార్లు తగిలే అవకాశం 49 శాతమే. దాడులు కాని మూవ్‌లు ఒక్కోసారి వీటన్నిటికన్నా విలువైనవి. నిద్రపుచ్చేవి, మంటతో అటాక్ తగ్గించేవి, పక్కవారి మీదికి వచ్చే దెబ్బను తనవైపు లాక్కునేవి ఈ కోవలోనివి.

అంకెల మొత్తాన్ని నమ్ముకున్నవారిని ఎక్కువగా మోసగించేది ఎబిలిటీ. స్లేకింగ్ మొత్తం 670. పేరున్న పురాణ జీవులకు దీటైనది. దాని ట్రూయంట్ ఎబిలిటీ వల్ల రెండు వంతులకొకసారే కదులుతుంది. అజుమరిల్ మొత్తం 420, అటాక్ 50. హ్యూజ్ పవర్ ఆ అటాక్‌ను రెట్టింపు చేస్తుంది, దాంతో అది గట్టి దాడి జీవిగా నిలిచింది. షెడింజా హెచ్‌పీ ఎప్పుడూ 1. వండర్ గార్డ్ వల్ల బలహీనతను కొట్టే దాడులు తప్ప ఏవీ తగలవు. కానీ స్టెల్త్ రాక్, విషం, ఇసుక తుపాను అలాంటి దాడులు కావు, అవి ఒక్క క్షణంలో దాని పని పూర్తిచేస్తాయి.

బ్లేజికెన్ కథ మరీ స్పష్టం. 2002లో వచ్చిన దాని మొత్తం 530. అయిదో తరంలో వంతు వంతుకూ స్పీడ్ పెంచే స్పీడ్ బూస్ట్ ఎబిలిటీ దానికి దక్కింది. అంకెలు అవే. అయినా స్మోగన్ అనే అభిమాన సమాజం దాన్ని మామూలు పోటీల నుంచి తప్పించి ఉబర్స్ అనే పై శ్రేణికి పంపాల్సి వచ్చింది. స్లేకింగ్ లాంటివాటికి దారి మరోలా తెరుచుకుంది. ఎనిమిదో తరంలో వీజింగ్‌కు న్యూట్రలైజింగ్ గ్యాస్ ఎబిలిటీ వచ్చింది. అది రంగంలో ఉన్నంతసేపు మిగతా ఎబిలిటీలు పనిచేయవు. పక్కన వీజింగ్ ఉంటే స్లేకింగ్‌కు బద్ధకం ఉండదు.

వస్తువు: చాన్సీ, బ్లిస్సీ

ఎదిగిన రూపమే మేలన్న నమ్మకాన్ని అయిదో తరంలో వచ్చిన ఎవియోలైట్ దెబ్బతీసింది. ఇంకా ఎదగగల జీవి దీన్ని పట్టుకుంటే డిఫెన్స్, స్పెషల్ డిఫెన్స్ ఒకటిన్నర రెట్లవుతాయి. చాన్సీ ఎదిగితే బ్లిస్సీ అవుతుంది. చాన్సీ బేస్ డిఫెన్స్ 5, బ్లిస్సీది 10. 50వ లెవెల్‌లో రెండింటికీ డిఫెన్స్‌లో పూర్తి ఈవీలు, డిఫెన్స్ పెంచే నేచర్ ఇచ్చి చూస్తే చాన్సీకి 62, బ్లిస్సీకి 68 వస్తాయి. ఎవియోలైట్ పట్టుకున్న చాన్సీ 62 కాస్తా 93 అవుతుంది. స్పెషల్ డిఫెన్స్‌లో ఏ ఈవీలూ లేకుండానే చాన్సీ 187, బ్లిస్సీ 155 దగ్గర ఉంటాయి. హెచ్‌పీ దాదాపు సమానం: 325, 330. అంటే చిన్నదే రెండువైపులా ఎక్కువ దెబ్బలు ఓర్చుకుంటుంది.

అయితే చాన్సీ ఓర్పంతా ఆ ఒక్క వస్తువు మీద నిలబడింది. నాక్ ఆఫ్ అనే మూవ్ దాన్ని చేతిలోంచి పడగొడితే 93 మళ్లీ 62. బ్లిస్సీ చేయి ఖాళీగా ఉంటుంది కాబట్టి వంతుకు పదహారో వంతు హెచ్‌పీ తిరిగిచ్చే లెఫ్ట్‌ఓవర్స్‌నో, హెవీ డ్యూటీ బూట్స్‌నో పట్టుకోగలదు. స్పెషల్ అటాక్ కూడా దానికే ఎక్కువ. నాక్ ఆఫ్ విరివిగా ఉన్న కాలంలో బ్లిస్సీ, లేని కాలంలో చాన్సీ నయం.

ఒక దెబ్బ లెక్క

అంచనాలో చివరిమాట దెబ్బ లెక్కదే. ఆట వాడే సూత్రంలో దాడి చేసేదాని లెవెల్, మూవ్ బలం, అటాక్‌కూ ఎదుటి డిఫెన్స్‌కూ ఉన్న నిష్పత్తి ముందు వస్తాయి. ఆపై 0.85 నుంచి 1 మధ్య ఏదో ఒక విలువ, సొంత టైపు లాభం, టైపు ప్రభావం గుణిస్తారు. 50వ లెవెల్‌లో అటాక్ 182 ఉన్న జాలీ గార్‌చాంప్, 100 బలమున్న ఎర్త్‌క్వేక్‌తో ఇన్సినరోర్‌ను కొట్టిందనుకుందాం. ఇన్సినరోర్ హెచ్‌పీ పూర్తిగా పెంచగా 202, పెంచని డిఫెన్స్ 110. దాని అగ్ని టైపుకు గ్రౌండ్ దెబ్బ రెట్టింపు తగులుతుంది.

ఒకరికొకరు నిలిచే సింగిల్స్‌లో దెబ్బ 186 నుంచి 222 వరకు ఉంటుంది. అదృష్టం కలిసొస్తే ఒక్క దెబ్బకే పని ముగుస్తుంది. డబుల్స్‌లో ఒకటికి మించి తగిలే మూవ్‌ల బలం ముప్పావుకు తగ్గుతుంది కాబట్టి అదే దెబ్బ 138 నుంచి 164 మధ్య పడుతుంది. ఇన్సినరోర్ నిలుస్తుంది, రెండో దెబ్బకు పడుతుంది. గార్‌చాంప్ రంగంలో ఉండగా ఇన్సినరోర్ దిగి ఉంటే దాని ఇంటిమిడేట్ ఎబిలిటీ గార్‌చాంప్ అటాక్‌ను 121కి తగ్గిస్తుంది. అప్పుడు దెబ్బ 92 నుంచి 110 వరకే. రెండు దెబ్బలకు కూడా పడుతుందన్న హామీ లేదు. పైగా డబుల్స్‌లో ఎర్త్‌క్వేక్ సొంత జోడీదారుకూ తగులుతుంది. ఒకే జీవి, ఒకే మూవ్, ఒకే ప్రత్యర్థి. నియమం మారగానే ఒక దెబ్బ పని మూడు దెబ్బలకు పాకుతోంది.

జట్టులో పాత్ర

ఒక జీవిని అది చేసే పనిని బట్టి చూడటం పోటీ ఆటగాళ్ల అలవాటు. బలం పెంచుకుని ఎదుటి జట్టును వరుసగా ఊడ్చేసేది స్వీపర్. దెబ్బలు ఓర్చుకుంటూ ఎదుటివారిని అరగదీసేది వాల్. దిగి, ఒక పని చేసి, మరొకదానికి సురక్షితంగా చోటిచ్చి పోయేది పివట్. ఒక జీవిని ఎప్పుడు దిగినా నిలువరించగలిగేది దానికి కౌంటర్. దెబ్బ తినకుండా దిగితేనే ఆపగలిగేది చెక్. జట్టు కట్టేటప్పుడు మొదట అడగాల్సింది అందులో ఏ పనికి మనిషి లేడన్నదే. అప్పటికే ఇద్దరు స్వీపర్లు ఉన్న జట్టుకు మూడోది ఎంత బలమైనదైనా, స్టెల్త్ రాక్ పరిచే చిన్న జీవి చేసేంత మేలు చేయకపోవచ్చు.

ఇన్సినరోర్ దీనికి మంచి ఉదాహరణ. మొత్తం 530, స్పీడ్ 60. కాగితం మీద మధ్యరకం. ఇంటిమిడేట్‌తో ఇద్దరు ప్రత్యర్థుల అటాక్ తగ్గిస్తుంది. ఫేక్ అవుట్‌తో ఒకరి వంతు పోగొడుతుంది. పార్టింగ్ షాట్‌తో ఎదుటివారి దాడిని తగ్గించి తాను వెనక్కి వెళ్తుంది. తర్వాత మళ్లీ దిగి అదంతా మొదటినుంచి చేస్తుంది. దాని నెమ్మది కూడా కలిసొస్తుంది. అందరి దెబ్బలూ అయ్యాక చివర్లో వెనక్కి వెళ్లడం వల్ల కొత్తగా వచ్చేది ఆ వంతులో దెబ్బ తినదు. అధికారిక డబుల్స్ పోటీల్లో అనేక సీజన్లలో అది వాడుక పట్టికల పైవరుసలో ఉంది.

పోటీ పద్ధతులు

టెస్ట్ క్రికెట్‌లో రోజంతా వికెట్ కాపాడుకునే బ్యాటర్‌కు టీ20 జట్టులో చోటు దొరకనట్టే, ఒక పద్ధతిలో మేటి అయిన జీవి మరోదాంట్లో మరుగున పడుతుంది. స్మోగన్ వంటి అభిమాన సమాజాలు ప్రధానంగా ఆరుకు ఆరు సింగిల్స్ ఆడతాయి. అక్కడ పోరు పొడుగ్గా సాగుతుంది. స్టెల్త్ రాక్, చాన్సీ లాంటి గోడలు రాణిస్తాయి. అధికారిక ప్రపంచ పోటీల పద్ధతి డబుల్స్. ఆరింటిని తెచ్చి, ఎదుటి జట్టును చూశాక నాలుగింటిని ఎంచుకుని, 50వ లెవెల్‌లో ఆడతారు. జట్టులో ఏ వస్తువూ రెండుసార్లు ఉండకూడదు. ఈ వీడియో గేమ్ ప్రపంచ పోటీలు 2009లో అమెరికాలోని శాన్ డియేగోలో మొదలయ్యాయి. పోరు కొద్ది వంతుల్లో ముగిసే ఈ పద్ధతిలో తనను తాను నయం చేసుకుంటూ కూర్చునే చాన్సీని పట్టించుకోకుండా ఇద్దరూ కలిసి దాని జోడీదారును కొట్టేస్తారు. స్పోర్‌తో నిద్రపుచ్చుతూ, రేజ్ పౌడర్‌తో దెబ్బలను తనవైపు తిప్పుకునే అమూంగస్ మాత్రం, మొత్తం 464 మాత్రమే అయినా, ఇక్కడ విలువైన సభ్యురాలు.

వాడుక గణాంకాలు, టియర్లు

2004లో మొదలైన స్మోగన్, ఎవరెవరు ఏ జీవిని ఎంత వాడుతున్నారో లెక్కగట్టి శ్రేణులు చేస్తుంది. వీటిని ఆటగాళ్లు టియర్లు అంటారు. పైన ఓవర్‌యూజ్డ్, దాని కింద అండర్‌యూజ్డ్, రేర్లీయూజ్డ్, నెవర్‌యూజ్డ్ వస్తాయి. పోటీ సమతూకాన్ని చెడగొట్టేవాటిని చర్చించి, ఓటు వేసి ఉబర్స్‌కు పంపుతారు. ఓవర్‌యూజ్డ్‌లో చేరడానికి చాలాకాలం 3.41 శాతం వాడుకను గీటుగా పెట్టారు. అంటే 20 పోరుల్లో ఒక్కసారైనా ఆ జీవి ఎదురయ్యే అవకాశం సగం. తర్వాత దాన్ని 4.52 శాతానికి పెంచారు. అది 15 పోరుల్లో సగం అవకాశం.

గార్‌చాంప్ ప్రయాణం చూస్తే ఈ శ్రేణులు ఎంత కదులుతాయో తెలుస్తుంది. నాలుగో తరంలో అది మితిమీరిన బలమున్నదని ఉబర్స్‌కు పోయింది. ఆరో తరం నాటికి ఓవర్‌యూజ్డ్‌లో మామూలు సభ్యురాలుగా ఉంది. మారింది చుట్టూ ఉన్న లోకం. డ్రాగన్ దాడులకు లొంగని ఫెయిరీలు వచ్చాయి. అంతకన్నా వేగమైనవీ వచ్చాయి.

వాడుక శాతం జనాదరణను చెబుతుంది తప్ప యోగ్యతను నేరుగా చెప్పదు. అందుకే అనుభవజ్ఞులైన ఆటగాళ్లు చర్చించి ఎస్, ఏ, బీ అంటూ ఇచ్చే ర్యాంకులు వేరుగా ఉంటాయి. ఈ రెండు పట్టికల మధ్య తేడా ఉన్నచోటే తక్కువ గుర్తింపు పొందిన మంచి జీవులు దొరుకుతాయి.

కథ ఆడేవారికి

పోటీల జోలికి వెళ్లకుండా ఆట కథను పూర్తిచేసేవారి కొలమానం వేరు. ఎప్పుడు దొరుకుతుంది, ఎంత త్వరగా ఎదుగుతుంది, ముందున్న జిమ్ లీడర్ల మీద పనిచేస్తుందా అన్నవి ఇక్కడి ప్రశ్నలు. మొత్తం 600 ఉన్న టైరానిటార్ కావాలంటే గోల్డ్, సిల్వర్‌లో 16 బ్యాడ్జీల తర్వాత తెరుచుకునే సిల్వర్ పర్వతం దాకా ఆగి లార్విటార్‌ను పట్టాలి, దాన్ని 55వ లెవెల్‌కు పెంచాలి. అప్పటికి ఆట దాదాపు అయిపోతుంది. మొత్తం 200 మాత్రమే ఉన్న మ్యాజికార్ప్ 20వ లెవెల్‌కే 540 ఉన్న గ్యారడోస్‌గా మారి మిగతా కథంతా లాక్కొస్తుంది. చాలా ఆటల్లో కడాబ్రా, హాంటర్ వంటివి మరొకరితో మార్పిడి చేసుకుంటేనే ఎదుగుతాయి. ఒంటరిగా ఆడేవారికి ఆలకజామ్, జెంగార్ ఎంత గొప్పవైనా అందని మామిడిపళ్లే.

పోకేమాన్ గోలో

2016లో వచ్చిన పోకేమాన్ గో భారత్‌లో అదే ఏడాది డిసెంబరులో రిలయన్స్ జియో భాగస్వామ్యంతో అధికారికంగా మొదలైంది. ఇందులో స్టాట్స్ మూడే, ఐవీలు 0 నుంచి 15 వరకు. మూడూ 15 ఉన్నదాన్ని అందరూ దాచుకుంటారు. కొందరు కలిసి ఒక పెద్ద జీవిని ఓడించే రెయిడ్ల వరకు అది సబబే. కానీ గ్రేట్ లీగ్ అనే పోటీలో జీవి మొత్తం బలాన్ని చెప్పే సీపీ 1500 మించకూడదు. సీపీ సూత్రంలో అటాక్‌ను పూర్తిగా, మిగతా రెండింటి వర్గమూలాలను మాత్రమే గుణిస్తారు. అటాక్ ఎక్కువ ఉన్నది త్వరగా గీత దాటేస్తుంది. అటాక్ ఐవీ 0, మిగతావి 15 దగ్గర ఉన్నది అదే సీపీలో ఎక్కువ లెవెల్‌కు, ఎక్కువ ఓర్పుకు చేరుతుంది. నూరు శాతం మార్కులొచ్చింది అక్కడ చాలాసార్లు రెండో రకమే.

అంచనాకు అందనివి

ఏ పట్టికా ఆశ్చర్యాన్ని లెక్కించలేదు. 2014లో వాషింగ్టన్ డీసీలో జరిగిన ప్రపంచ పోటీల్లో దక్షిణ కొరియా ఆటగాడు సెజున్ పార్క్ తన జట్టులోకి పాచిరిసును తెచ్చాడు. మొత్తం 405 ఉన్న ఉడత లాంటి జీవి అది. ఏ ర్యాంకుల్లోనూ పైన ఉన్నది కాదు. దాని ఫాలో మీ మూవ్ ఎదుటి దెబ్బలను తనవైపు లాగుతుంది. వోల్ట్ అబ్సార్బ్ ఎబిలిటీ కరెంటు దెబ్బలను హెచ్‌పీగా మార్చేస్తుంది. పక్కనే కరెంటు నాలుగు రెట్లు తగిలే గ్యారడోస్ ఉంది. ఆ జట్టులో ఆ పనికి పాచిరిసును మించినది లేదు. పార్క్ ప్రపంచ విజేత అయ్యాడు. దీన్ని చూసి ఏ చిన్న జీవినైనా తెచ్చి గెలవవచ్చని అనుకుంటే పొరపాటు. పాచిరిసును దాని ముద్దుమొహం చూసి ఎంచుకోలేదు, ఒక ఖాళీకి సరిపడా ఎంచుకున్నారు.

2019లో వచ్చిన సోర్డ్, షీల్డ్ నుంచి ప్రతి ఆటలోనూ అన్ని జీవులూ ఉండటం లేదు. పోటీ నియమాలు కూడా ఏడాదిలోనే మారుతుంటాయి. నిరుడు రాజ్యమేలినది ఈ ఏడు అనుమతి జాబితాలోనే ఉండకపోవచ్చు. కాబట్టి ఏ ర్యాంకుల పట్టిక చదివినా అది ఏ తరానిదో, సింగిల్స్‌దో డబుల్స్‌దో, ఏ సీజన్‌దో ముందు చూసుకోవాలి. ఆ మూడూ తెలియని పట్టికను పక్కన పెట్టి, తమ జట్టులో ఏ పనికి లోటుందో అక్కడినుంచి వెతకడం మొదలుపెట్టడమే ఆటగాళ్లకు మేలు.